నేతిబీరలో లేని నెయ్యి

మహారాష్ట్రలోని చంద్రపూర్ నగరంలో, గోండు రాజులు కట్టించిన కోటగోడకు వెలుపల, బొగ్గుగనులను ఆనుకొని పెరిగిన పేటలలో లాల్‌పేట్ ఒకటి. వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ సంస్థ నడిపే హిందుస్థాన్ లాల్‌పేట్ గని పేరుతోనే బయటివారికి ఈ ప్రాంతం ఎక్కువగా తెలుసు. ఇక్కడి తెలుగు కుటుంబాల వంటగదిని, ఆ గడప దాటి రోడ్డు పక్క హోటల్ బల్ల వరకు, ఒకే ప్రశ్నతో పరిశీలించవచ్చు: పాలు, పెరుగు, నెయ్యి, తేనె, గుడ్డు, మాంసం, చేప, అంటే జంతువు నుంచి వచ్చే పదార్థం ఏదీ లేకుండా ఇక్కడ ఒక మనిషికి రోజు గడుస్తుందా? ఇలాంటి తిండికి 1944లో ఇంగ్లండ్‌లో డొనాల్డ్ వాట్సన్, ఆయన సహచరులు ‘వీగన్’ అనే పేరు పెట్టారు. శాకాహారి అనే అర్థమున్న ఇంగ్లిషు మాటలోని మొదటి మూడు అక్షరాలను, చివరి రెండు అక్షరాలను కలిపి ఆ పదాన్ని తయారుచేశారు. పేరు నగరాలకు చెందినది, కొత్తది. లాల్‌పేట్‌లోని మామూలు పనిదినపు వంట మాత్రం ఆ పేరుతో పనిలేకుండానే చాలావరకు ఆ నియమంలోనే నడుస్తుంది. చిక్కు కడుపు నింపుకోవడంలో కాక, ఎదుటి మనిషికి వడ్డించడంలో వస్తుంది.

ఈ తిండి ఇక్కడికి ఎలా చేరిందో తెలియాలంటే నేల కింది సంగతి కొంత చెప్పుకోవాలి. చంద్రపూర్ చుట్టూ ఉన్న వార్ధా లోయ బొగ్గు పొరలు, తెలంగాణలో సింగరేణి గనులున్న ప్రాణహిత–గోదావరి లోయ పొరలు ఒకే గోండ్వానా శిలాశ్రేణికి చెందినవి. గోండుల నేల పేరుమీదనే భూగర్భ శాస్త్రంలో ఆ మాట స్థిరపడింది. పొర సాగిన దారిలోనే కూలీలు కూడా సాగారు. 1973లో బొగ్గుగనులు జాతీయమై, 1975లో నాగపూర్ కేంద్రంగా వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ఏర్పడేనాటికే ఆదిలాబాద్, కరీంనగర్ వైపు పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలు చంద్రపూర్, బల్లార్‌పూర్, ఘుగ్గూస్ ప్రాంతాలలో తెలుగు వాడలుగా స్థిరపడుతూ ఉన్నాయి. సరిహద్దు కూడా ఈ రాకపోకలకు ఎన్నడూ గట్టి గోడ కాలేదు: పక్కనున్న రాజూరా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రపు ఆదిలాబాద్ జిల్లాలో భాగం, ఒకప్పుడు చంద్రపూర్ జిల్లాలోనే ఉండి 1982లో గడ్చిరోలితో పాటు విడిపోయిన సిరొంచలో నేటికీ తెలుగు ఇంటి భాష.

అందువల్ల ఇక్కడి వంటకు రెండేసి పేర్లున్నాయి. ఇంట్లో పుంటికూర అన్నది సంతలో ‘అంబాడీ’ అవుతుంది. జొన్నరొట్టె ‘భాకర్’ అవుతుంది. ఉల్లిగడ్డ ‘కాందా’, చింతపండు ‘చించ్’, అవిసె గింజలు ‘జవస్’ అవుతాయి. కొన్నింటికి పేరు మార్చుకునే శ్రమ కూడా లేదు: శనగపిండిని పోపులో వేసి, నీళ్లు పోసి, గట్టిగా ఉడికించే వంటకాన్ని తెలంగాణ ఇళ్లలో పిట్ల అంటే, మరాఠీ ఇళ్లలో పిఠ్లా అంటారు, దానినే పొడిపొడిగా దింపితే ఝుణకా అంటారు. పచ్చిమిరప, వెల్లుల్లి, వేరుశనగలను కచ్చాపచ్చాగా దంచిన మరాఠీ ‘ఠేచా’కు, తెలుగు రోటి తొక్కుకు మధ్య తేడా చెప్పవలసి వస్తే చింతపండు పేరు చెప్పి తప్పుకోవలసిందే. ఈ వంటకాలలో దేనిలోనూ పాడి సరుకు లేదు.

పనికి వెళ్లే మనిషి వెంట కట్టుకుపోయే అన్నాన్ని తెలంగాణలో సద్ది అంటారు. గని షిఫ్టుకు వెళ్లేవారి సద్ది ఎలా ఉండాలన్నది రుచి కంటే ముందు వాతావరణం నిర్ణయించింది. చంద్రపూర్ దేశంలోని అత్యంత వేడి పట్టణాలలో ఒకటి. వేసవిలో పాదరసం 45 డిగ్రీలు దాటడం ఇక్కడ వార్త కాదు. ఆ వేడిలో డబ్బాలోని పెరుగు మధ్యాహ్నానికి పులిసిపోతుంది, పాలు కలిపినది ఏదైనా విరిగిపోతుంది. నిలిచేవి రొట్టె, ఎల్లిపాయ కారం, పుంటికూర తొక్కు, వేయించిన పల్లీలు, చింతపండు పులిహోర. ఇంట్లో తినేటప్పుడు ఈ వేడికి మందు పచ్చిపులుసు, అంటే పొయ్యి మీద కాగించకుండా చింతపండు రసంలో పచ్చి ఉల్లిగడ్డ ముక్కలు, కాల్చిన మిరపకాయలు, ఉప్పు, వేయించి దంచిన నువ్వుల పొడి కలిపి చేసే చల్లని చారు. మజ్జిగ చేసే పనిలో సగం ఇదే చేస్తుంది. జొన్న రవ్వను ఉడికించిన గట్క, పిండిని జావగా కాచిన అంబలి కూడా అంతే. మజ్జిగ ఉంటే కలుపుకుంటారు, లేనప్పుడు ఉప్పు, ఉల్లిగడ్డతో కానిస్తారు. కోస్తాంధ్ర వైపు అన్నపు గంజిని పులియబెట్టి తరవాణి చేసుకునే పద్ధతి కూడా పాడి లేని పులుపును వెతుక్కున్న ఇలాంటి తెలివే.

ఈ వంటకాలను చూపించి, ముందు తరాల గని కార్మికుల ఇళ్లలో అందరూ వీగన్లే అని చెప్పడం మాత్రం అన్యాయం. ఆదివారం వేట మాంసం, కోడి, ఎండుచేప దొరికితే వండుకున్నవారే వారంతా. పాలు కొనలేక మానుకోవడం వేరు, పశువు పక్షాన ఆలోచించి మానుకోవడం వేరు. ఆకలిని ఆదర్శంగా చిత్రించే అలవాటు నేటి ఆహార వ్యాసాలకు బాగా ఎక్కువైంది. ఇక్కడ గమనించవలసిన సంగతి అంతకన్నా చిన్నది, ఉపయోగపడేది: కారణం ఏదైనా, పాడి లేకుండా రుచి తెప్పించే విద్య ఈ వంటగదుల్లో ఏనాడో పక్వానికి వచ్చింది, కొత్తగా నేర్చుకోవలసిన పని చాలా తక్కువ.

ఆ విద్యకు ఆధారం నూనెగింజ. విదర్భ రైతులు అవిసెను తరతరాలుగా పండిస్తున్నారు. వేయించిన అవిసె గింజలను ఎండుమిరప, వెల్లుల్లి, ఉప్పుతో దంచిన పొడి భాకర్‌కు జోడు. నాగపూర్ హల్బా కోష్టీ నేతపనివారి వంటగా పుట్టి ప్రాంతమంతా పాకిన సావజీ వంటకు, అంటే మసాలాలను నల్లబడేలా వేయించి, నూరి, ఎర్రని రసంగా కాచే ఘాటైన పద్ధతికి, సంప్రదాయపు నూనె అవిసె నూనే. సావజీ అనగానే మాంసం గుర్తుకు రావడం సహజం. కానీ శనగపిండిని ఉడికించి, పరిచి, ముక్కలుగా కోసి అదే రసంలో వేసే పాటోడీ రస్సా, మాంసం దొరకని రోజున కాక, దానికదే కోరుకొని తినే వంటకం. అడవి వైపు గోండు పల్లెలలో ఇప్పపువ్వు ఎంత ముఖ్యమో ఇప్పగింజ కూడా అంతే. దాని నుంచి తీసిన నూనె చలికాలంలో నెయ్యిలా పేరుకుంటుంది, దానితో వంట చేస్తారు, దీపమూ పెడతారు. నెయ్యికి చెట్టు నుంచి వచ్చిన ప్రత్యామ్నాయం కోసం విదేశీ డబ్బాల వైపు చూసేవారు గడ్చిరోలి వైపు చూడడం మేలు.

బియ్యం కథలో కూడా చంద్రపూర్‌కు తెలుగువారి బాకీ ఒకటి ఉంది. తెలంగాణ మార్కెట్లలో సన్నబియ్యంగా ఆదరణ పొందిన హెచ్‌ఎంటీ రకాన్ని రూపొందించింది ఏ పరిశోధన కేంద్రమూ కాదు. ఈ జిల్లాలోని నాగ్‌భీడ్ తాలూకా నాందేడ్ గ్రామానికి చెందిన దళిత రైతు దాదాజీ ఖోబ్రాగడే. 1980వ దశకంలో తన పటేల్-3 వరి మడిలో భిన్నంగా కనిపించిన కొన్ని కంకులను వేరుచేసి, ఏడాది తర్వాత ఏడాది విత్తి, ఆయన ఈ రకాన్ని నిలబెట్టారు. పంట కొన్న వ్యాపారులు దానికి ఆనాడు పేరున్న చేతిగడియారం పేరు తగిలించారు. ఆయనకు గుర్తింపు వచ్చింది, సంపద రాలేదు, 2018లో మరణించారు. లాల్‌పేట్‌లో పచ్చిపులుసు పోసుకొని తినే అన్నం మెతుకులో ఈ జిల్లా రైతు చేయి ఉండడానికి అవకాశం ఎక్కువ.

ఇంత సరంజామా ఉన్నప్పుడు అడ్డం పడేది ఏమిటి? నెయ్యి. అది ఈ వంటలో పోషకంగా కాక గౌరవానికి కొలతగా ఉంటుంది. తాతలు నేతులు తాగారని మూతులు వాసన చూడమనే సామెతలో వెక్కిరింపు ఎంత ఉన్నా, ఇంటి ప్రతిష్ఠను నేతితో లెక్కకట్టే అలవాటును అది దాచలేదు. అల్లుడు వచ్చినప్పుడు, వియ్యపురాలు కూర్చున్నప్పుడు ముద్దపప్పు మీద నెయ్యి వేయకుండా గిన్నె ముందుకు జరిపితే, ఆ ఇంట్లో నెయ్యి లేదని అర్థమవుతుందే తప్ప పశువు మీద జాలి ఉన్నదని ఎవరికీ తట్టదు. నేతిబీరకాయలో నెయ్యి ఎంత ఉంటుందో కొందరి మాటలో నిజం అంత ఉంటుందనే నానుడి కూడా నెయ్యి లేకపోవడాన్ని లోటుగానే చూస్తుంది; నిజానికి నున్నని గుజ్జు వల్ల ఆ పేరు తెచ్చుకున్న ఆ కూరగాయ, చుక్క నెయ్యి లేకుండా నేతి నునుపును ఇవ్వడంలో వీగన్ వంటకు ఆరాధ్య దైవం కావలసింది.

ఈ గౌరవానికి కులపు మూలాలు ఉన్నాయి. నీటితో ఉడికిన అన్నాన్ని ‘కచ్చా’ అని, నేతిలో వేగిన తిండిని ‘పక్కా’ అని విడదీసి, మొదటిదాన్ని సమానులు లేదా పైవారి చేతి నుంచే తీసుకోవాలని, రెండవదాన్ని మరికొందరి చేతి నుంచి కూడా తీసుకోవచ్చని పాటించిన లెక్కలను, చాందా (నేటి చంద్రపూర్) జిల్లా ఆనాడు భాగమైన సెంట్రల్ ప్రావిన్సుల కులాలపై 1916లో రస్సెల్, హీరాలాల్ వెలువరించిన నాలుగు సంపుటాల గ్రంథం వివరంగా నమోదు చేసింది. నెయ్యి అక్కడ శుద్ధి చేసే ద్రవ్యం. నాగపూర్ దీక్ష జరిగిన రెండు రోజులకు, 1956 అక్టోబర్ 16న, అంబేడ్కర్ వేలమందికి బౌద్ధ దీక్ష ఇచ్చిన ఈ చంద్రపూర్‌లో ఆహారశుద్ధి అనే మాట ఎవరు పలికినా దాని వెనుక ఈ లెక్క వినిపిస్తుంది, కనుక మాంసం మానమని చెప్పే ఏ కొత్త ప్రచారాన్నైనా జనం అనుమానంగా చూస్తే తప్పుపట్టలేము. అయితే వీగన్ నియమం ఈ లెక్కను సమర్థించకపోగా తలకిందులు చేస్తుంది: మడి వంటలో అన్నిటికంటే పవిత్రమైన నెయ్యి, పాలు, తేనె ఇక్కడ మొదట బయటికి పోతాయి, మడి వంట బయట ఉంచే ఉల్లి, వెల్లుల్లి ఇక్కడ నిశ్చింతగా లోపలికి వస్తాయి. ‘శుద్ధ శాకాహారీ’ బోర్డును, వీగన్ తిండిని ఒకదానిలో ఒకటి ఇమిడే వలయాలుగా ఊహించేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అవి ఒకదానినొకటి అడ్డంగా కోసుకుపోయే గీతలు.

చట్టం కూడా ఈ తేడాను ఒప్పుకుంది. ప్యాకెట్ల మీది ఆకుపచ్చ చుక్క శాకాహారానికి గుర్తు. దేశంలోని లేబుల్ నిబంధనల ప్రకారం పాలు, పాల పదార్థాలు, తేనె, తేనెమైనం, చివరికి పురుగు నుంచి వచ్చే లక్క కూడా ఆ చుక్కకు అడ్డురావు. అందుకే ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2022లో వీగన్ ఆహారానికి వేరే నిబంధనలు ప్రకటించి, చిగురు తొడిగిన ఇంగ్లిషు ‘వి’ అక్షరాన్ని గుర్తుగా పెట్టింది. లాల్‌పేట్ కిరాణా కొట్టులో కందిపప్పు, అటుకులు, మీల్‌మేకర్ కొనే మనిషికి ఈ గుర్తుతో పెద్దగా పనిలేదు. నూనె తీసిన సోయా పిండి నుంచి తయారయ్యే మీల్‌మేకర్ ముక్కలు, సోయా విస్తారంగా పండే విదర్భలో, గుర్తు ఉన్నా లేకున్నా వీగన్ సరుకే. బిస్కెట్ ప్యాకెట్ దగ్గర మాత్రం వెనకవైపు చిన్న అక్షరాలు చదవాలి. పాలపొడి అక్కడే దాక్కుంటుంది.

నెయ్యి తర్వాతి అడ్డంకి చాయ్. దీనిని అనాది అలవాటుగా అనుకోవడం పొరపాటు. తేయాకు ఎగుమతులపై పన్ను వేసి ఆ డబ్బుతో దేశంలో టీ ప్రచారం చేయడానికి 1903లో చట్టం వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ప్రచారకులు కర్మాగారాలలో, పత్తి మిల్లులలో, బొగ్గుగనులలో టీ దుకాణాలు పెట్టించి, పనివేళల మధ్య విరామం ఇవ్వాలని యజమానులకు నచ్చజెప్పారు. వారు కోరుకున్నది ఆకు ఎక్కువ, పాలు తక్కువ ఉన్న టీ. దుకాణదారులు ఆకు ఖర్చు తగ్గించి పాలు, చక్కెర పెంచారు, కార్మికుడికి అది అరపూట తిండిగా పనికివచ్చింది. గని ద్వారం దగ్గరి చాయ్‌కు ఉన్న పట్టు ఈ చరిత్ర నుంచి వచ్చింది. పాలు లేని టీని మరాఠీలో ‘కోరా చహా’ అంటారు. నిమ్మరసం, అల్లం వేసి అడిగితే ఏ బండివాడైనా ఇస్తాడు, కాకపోతే జ్వరమా అని అడుగుతాడు.

బయట తినడం విషయానికి వస్తే, చంద్రపూర్ ఉదయం వీగన్‌కు అనుకూలం, రాత్రి ప్రతికూలం. విదర్భ అంతటా పొద్దున్నే దొరికే తర్రీ పోహా, అంటే ఉప్పుడు అటుకుల మీద శనగలు ఉడికిన ఎర్రని మసాలా రసం పోసి, పచ్చి ఉల్లి, సేవ్ చల్లి ఇచ్చే ఫలహారం, నూనెతోనే తయారవుతుంది. తర్రీలో ముంచిన ఆలూబోండా, మిరపకాయ బజ్జీ, ఇడ్లీ కూడా నిశ్చింతగా తినవచ్చు; దోసె పెనం మీద వెన్న ముద్ద జారక ముందే చెప్పుకోవాలి. సాబుదానా ఖిచిడీ ఉపవాసపు వంటకం కనుక అందులో నెయ్యి పడే అవకాశం ఎక్కువ. మధ్యాహ్నం ఝుణకా భాకర్, ఠేచా, ఉల్లిగడ్డ దొరికే చోటు వెతుక్కుంటే ఆ పూట గడిచినట్టే. రాత్రి కుటుంబంతో వెళ్లే ‘ఫ్యామిలీ రెస్టారెంట్’ జాబితాలో పంజాబీ వంటల పెత్తనం మొదలవుతుంది: నాన్ పిండిలో పెరుగు, రోటీ మీద వెన్న, పప్పు పోపులో నెయ్యి, ప్రతి కూర రసంలో మీగడ, బిర్యానీ మసాలాలో పెరుగు. ఇక్కడ ‘వీగన్’ అంటే వడ్డించేవారికి అర్థం కాకపోవచ్చు, ‘ప్యూర్ వెజ్’ అంటే పనీర్ తెచ్చిపెడతారు. పదార్థం పేరుతో ‘తూప్ నకో, లోణీ నకో, దహీ నకో, మలాయీ నకో’ అని నెయ్యి, వెన్న, పెరుగు, మీగడలను ఒక్కొక్కటిగా వద్దనడమే పని జరిగే పద్ధతి. సాదా తందూరీ రోటీ, నూనెపోపు పప్పు, వంకాయ భరీత్, సావజీ చోటైతే పాటోడీ రస్సా, వీటితో భోజనానికి లోటు ఉండదు.

ఒక విషయంలో మాత్రం వంటింటి తెలివి చాలదు. బి-12 విటమిన్‌ను మొక్కలు తయారుచేయవు, సూక్ష్మజీవులు మాత్రమే చేస్తాయి. మాంసం అరుదుగా తినే ఇంట్లో అది అందే దారి చాయ్‌లో పాలు, అన్నంలో మజ్జిగే. వాటిని కూడా మానినవారు మాత్ర వేసుకోవలసిందే. ఇందులో ఒక మెలిక ఉంది: ఆకుకూరలలో సమృద్ధిగా ఉండే ఫోలిక్ ఆమ్లం, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం 1940వ దశకంలో అమెరికాలో సంశ్లేషించినదే, బి-12 లోపం వల్ల వచ్చే రక్తహీనతను పైకి కనిపించకుండా సర్దగలదు, కానీ నరాల నష్టాన్ని ఆపలేదు. పుంటికూర రోజూ తింటున్నాం కదా అన్న ధీమా అందుకే ప్రమాదకరం. బి-12ను బ్యాక్టీరియాను పెంచి తయారుచేస్తారు కనుక మాత్ర వీగన్ నియమానికి విరుద్ధం కాదు. గుళిక తొడుగు మాత్రం తరచుగా జంతువుల జిలాటిన్‌తో చేసినదై ఉంటుంది. కాల్షియం విషయంలో నువ్వులు, రాగులు ఆదుకుంటాయి; వంద గ్రాముల నువ్వులలో కాల్షియం పన్నెండు వందల మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది, పాలలోనిది పట్టినంత సులువుగా ఒంటికి పట్టదు కాని.

నువ్వులు, వేరుశనగల పెత్తనం పూర్తిగా కనిపించేది బతుకమ్మ రోజుల్లో. తెలంగాణ నుంచి కదిలిన కుటుంబాలు ఎక్కడ స్థిరపడినా వెంట తీసుకుపోయిన ఈ తొమ్మిది రోజుల పూల పండుగలో ప్రతి రోజుకు ఒక నైవేద్యం ఉంది, ఊరిని బట్టి కొద్దిగా మారుతుంది. ఎంగిలిపూల నాడు నువ్వులు, బియ్యప్పిండి. అటుకుల బతుకమ్మ నాడు అటుకులు, బెల్లం, చప్పిడి పప్పు. ముద్దపప్పు, నానబియ్యం రోజుల్లో పాలు వస్తాయి. అట్ల నాడు అట్లు. అలిగిన బతుకమ్మ నాడు అమ్మ అలిగింది కనుక నైవేద్యమే లేదు. వేపకాయల నాడు బియ్యప్పిండిని వేపకాయల ఆకారంలో చేసి నూనెలో వేయిస్తారు. ఎనిమిదో నాటి పేరే వెన్నముద్దలు. చివరి రోజు సద్దుల బతుకమ్మ, ఐదు రకాల కలిపిన అన్నాలు: చింతపండు పులిహోర, నువ్వుల సద్ది, పల్లి సద్ది, కొబ్బరి సద్ది, పెరుగు సద్ది. ఐదింటిలో నాలుగు పాడితో పనిలేనివి. ఐదవదానికి కూడా వేరుశనగ పాలు పిండి, మిరపకాయ తొడిమలతో తోడుపెట్టి పెరుగు చేసే పద్ధతి వీగన్ ఇళ్లలో ప్రచారంలోకి వచ్చింది. అయితే సద్దులు ఎవరి ఇంటివి వారు తినేవి కావు. పూలను నీళ్లలో విడిచిన తర్వాత ముత్తయిదువలు ‘ఇస్తినమ్మ వాయనం’ అంటే ‘పుచ్చుకుంటినమ్మ వాయనం’ అంటూ కొంగు పట్టి, ఒకరి సద్ది ఒకరు అందుకుంటారు. చేతిలో పడిన వాయనంలో ఏ పెరుగు కలిసిందో అడిగే ఆచారం ఇంకా పుట్టలేదు.